రొయ్య పిల్ల నెగెటివ్, చెరువు పాజిటివ్: ఒక ఈహెచ్‌పీ కేసు

ఆ రోజుకి చెరువు వయసు, అంటే పిల్ల వేసి, 52 రోజులు. రైతు విసురు వల లాగి, గట్టు మీద పరిచిన టార్పాలిన్ మీద దులిపారు. ఓ వంద రొయ్యలు పడ్డాయి. అన్నీ ఒకే రోజు, ఒకే ట్యాంకు నుంచి వచ్చి చెరువులో పడ్డ పిల్లలే. ఒకదాన్ని తూకం వేస్తే 9 గ్రాములు. దాన్ని ఆనుకుని ఉన్నది 3 గ్రాములు. చచ్చింది ఒక్కటీ లేదు. పెంకు కాస్త మెత్తబడినా ఎగిరెగిరి పడుతున్నాయి.

“చెక్ ట్రేలో గింజ మిగలట్లేదు మేడమ్ గారూ. తినడం తింటున్నాయి, తిన్నది ఒంటికి పట్టట్లేదు,” అన్నారాయన.

నేను పశ్చిమ గోదావరి తీరంలో ఒక చిన్న ఆక్వా ల్యాబ్ నడుపుతూ రైతులకు సలహాలిస్తుంటాను. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఆ వల దులిపే నాటికి ఆ రైతు చేతిలో రెండు ఈహెచ్‌పీ నెగెటివ్ రిపోర్టులున్నాయి, అంటే రొయ్య ఎదుగుదలని ఆపే ఆ పరాన్నజీవి లేదని చెప్పే కాగితాలు. ఒకటి పిల్లతో పాటు వచ్చింది. రెండోది నేనిచ్చింది. రెండూ తప్పుదారి పట్టించాయి, రెండింటికీ కారణాలు వేరు. ఊరు, హేచరీ, రైతు వివరాలు తీసేశాను. విస్తీర్ణాలు, తూకాలు గుండ్రంగా రాశాను.

నేపథ్యం

ఒక్కోటి మూడెకరాలున్న చెరువులు మూడు, పక్కనే నీళ్లు నిల్వ చేసుకునే చెరువొకటి. నీళ్లు పోటు సమయంలో ఏటి కాలువ నుంచి తోడతారు. ఉప్పదనం 8 పీపీటీ (వెయ్యికి 8 వంతులు). వేసింది వనామీ రకం రొయ్య, ఎకరాకి లక్షా 20 వేల పిల్ల. ఒకటి, రెండు చెరువులకు ఒకే బ్యాచ్ పిల్ల. మూడో చెరువుకి వారం తర్వాత వేరే హేచరీ పిల్ల దొరికింది. అప్పట్లో ఇది పట్టించుకోవలసిన విషయం అనిపించలేదు. తర్వాత కేసంతా దీని మీదే నిలబడింది.

ఈహెచ్‌పీ గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపినేయి, 2023లో శాస్త్రవేత్తలు దాన్ని ఎసైటోన్యూక్లియోస్పోరా హెపటోపినేయిగా మార్చారు. మైక్రోస్పోరిడియా అనే వర్గానికి చెందిన పరాన్నజీవి, శిలీంధ్రాలకు దగ్గరి చుట్టం. థాయ్‌లాండ్ టైగర్ రొయ్యలో చూసి 2009లో దీనికి పేరు పెట్టారు. మన దేశంలో వనామీ సాగుకి అనుమతి వచ్చిందీ ఆ ఏడాదే. మన వనామీలో ఇది ఉందని చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి జలచరాల సాగు పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించారు. ఇది రొయ్య లివర్‌లో, అంటే మనం హెచ్‌పీ అని పిలిచే హెపటోపాంక్రియాస్ గొట్టాల కణాల్లో కాపురం పెడుతుంది. రొయ్యకి జీర్ణరసాలు తయారయ్యేదీ, తిన్నది నిల్వ ఉండేదీ అక్కడే. అందుకే రొయ్య చావదు, ఎదగదు. దాని స్పోర్లు (విత్తనాల్లాంటి బీజకణాలు) పెంటలో బయటికి వస్తాయి, పక్క రొయ్య వాటిని తింటుంది. మధ్యలో ఇంకో జీవి అవసరం లేదు.

మొదట ఏం చేశాం

38వ రోజున రైతు ఫోన్ చేశారు. సైజు తేడా కనిపిస్తోందన్నారు. నేను వెళ్లి పిల్ల రిపోర్టు అడిగాను. తెల్లమచ్చ వైరస్ నెగెటివ్, ఎదుగుదలని దెబ్బతీసే ఇంకో వైరస్ ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ నెగెటివ్, ఈహెచ్‌పీ నెగెటివ్. సైజు తేడా అనగానే మనసులోకి వచ్చే పేర్లు ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ, ఈహెచ్‌పీ. రెండూ కాగితం మీద కొట్టేసి ఉన్నాయి. ఇక మిగిలింది నీరు, మేత, విబ్రియో బ్యాక్టీరియా అనుకున్నాను.

ఆ ఆలోచనకి ఆధారాలు కూడా దొరికాయి, అదే ఇబ్బంది. ఉప్పదనం తక్కువ కాబట్టి పొటాషియం, మెగ్నీషియం తక్కువున్నాయి. విబ్రియోని పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటులో పచ్చ కాలనీలు ఉండాల్సిన దానికంటే ఎక్కువే వచ్చాయి. మినరల్స్ వేయించాను, మేత పావు వంతు తగ్గించి ప్రోబయోటిక్ పెట్టించాను. రొయ్య లివర్ చిదిమి మైక్రోస్కోప్ కింద 40 లెన్సుతో చూశాను. గొట్టాల్లో నూనె బొట్లు తగ్గాయి, అంతకుమించి ఏమీ కనపడలేదు. ఈహెచ్‌పీ స్పోరు పొడవు 1 మైక్రాన్ చిల్లర, వెడల్పు 0.7 మైక్రాన్. దాన్ని 100 ఆయిల్ లెన్సు కింద, ఓపిగ్గా, మంచి రంగు వేసి చూసినా బ్యాక్టీరియాతో పొరబడే అవకాశం ఉంది. 40 కింద కనపడలేదంటే లేదని అర్థం కాదు.

44వ రోజున అనుమానం తీరక పీసీఆర్ (డీఎన్ఏని వెతికే పరీక్ష) చేశాను. నెగెటివ్. రైతుకి ధైర్యం చెప్పాను. మినరల్స్ కొనసాగించాం. ఎనిమిది రోజులు గడిచాయి. ఒకటో చెరువు సగటు బరువు పెరిగింది అర గ్రాముకి అటూ ఇటూ.

వల దులిపిన రోజు

ఆ టార్పాలిన్ మీద 3 గ్రాముల రొయ్యని చూశాక నీళ్ల సమస్య అనే మాట నమ్మలేకపోయాను. ఖనిజాలు తక్కువైతే చెరువంతటికీ తక్కువ. అన్నీ కొంచెం కొంచెం వెనకబడాలి. ఇక్కడ కొన్ని బాగానే ఎదిగాయి, కొన్ని ఎక్కడివక్కడే ఆగిపోయాయి. అంటే కొన్నింటి ఒంట్లో ఉన్నదేదో మిగతావాటి ఒంట్లో లేదు. గాలి వాలున చెరువు మూలకి నడిచి చూస్తే నురగతో పాటు తెల్ల పోగులు, అంటే రొయ్యల తెల్ల పెంట, తేలుతున్నాయి. ఎక్కువ లేవు, గుప్పెడు.

ల్యాబ్‌కి వచ్చి 44వ రోజు శాంపిల్ పుస్తకం తీశాను. అక్కడ రాసి ఉంది: “పది రొయ్యలు, ఈత కాళ్లు.”

తెల్లమచ్చ వైరస్ ఒళ్లంతా పాకుతుంది, ఈత కాళ్లు తుంచితే చాలు దొరుకుతుంది, రొయ్యని చంపనక్కర్లేదు. మా ల్యాబ్‌లో రోజూ వచ్చే పని అదే. శాంపిల్ తీసిన కుర్రాడు రోజూ చేసేదే చేశాడు. నేను వాడికి ‘ఈహెచ్‌పీ పెట్టు’ అన్నానే గానీ ఏ భాగం తీయాలో చెప్పలేదు. ఈహెచ్‌పీ ఉండేది లివర్‌లో, పెంటలో. ఈత కాళ్లలో దాన్ని వెతకడమంటే వంటింట్లో పోయిన ఉంగరాన్ని వీధి అరుగు మీద వెతకడం. పైగా వాడు చూడటానికి బాగున్న పెద్ద రొయ్యల్ని ఏరాడు. ఆ నెగెటివ్ ల్యాబ్ యజమానిగా నా తప్పు. రైతుకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరేనమ్మా, ఇప్పుడేం తియ్యాలో చెప్పండి,” అన్నారు.

మర్నాడు గట్టు మీదే కోశాను. ఒకటో చెరువు నుంచి ఐదు చిన్నవి, ఐదు పెద్దవి. ఒక్కో రొయ్య తల పెంకు ఎత్తి, లివర్ ముక్క తీసి, దేని ట్యూబు దానికే వేశాను. కత్తెర ప్రతిసారీ స్పిరిట్‌లో ముంచి మంట మీద కాల్చాను. లివర్ నిండా జీర్ణ ఎంజైములుంటాయి. రొయ్య చచ్చాక కాసేపు ఎండలో ఉంచితే తన డీఎన్ఏని తనే అరిగించేసుకుంటుంది. అందుకే గట్టు మీదే 95 శాతం ఆల్కహాల్‌లోకి, ముక్కకి పదింతలు ఆల్కహాల్ ఉండేలా. ఫార్మలిన్‌లో వేస్తే పీసీఆర్‌కి పనికిరాదు. పదకొండో ట్యూబులో తెల్ల పోగు.

ఈసారి పరీక్ష కూడా మార్చాను. మొదట్లో అందరూ వాడింది రైబోసోమల్ జన్యువు మీద పనిచేసే పీసీఆర్. ఆ జన్యువు దగ్గరి చుట్టాలన్నింటిలో ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి వేరే మైక్రోస్పోరిడియా ఉన్నా అది పాజిటివ్ చూపించే ప్రమాదముంది. 2016లో థాయ్ పరిశోధకులు స్పోరు గోడ ప్రొటీన్ జన్యువు మీద కొత్త నెస్టెడ్ (రెండు దశల) పీసీఆర్ తెచ్చారు. మొదటి దశలో 514 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్క, రెండో దశలో 148 బేస్‌ల ముక్క వస్తాయి. పరాన్నజీవి బాగా ఉంటే మొదటి దశలోనే జెల్ మీద బ్యాండ్ (వెలిగే గీత) కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే రెండో దశలో మాత్రమే తేలుతుంది. కచ్చితమైన లెక్క కావాలంటే రియల్ టైమ్ పీసీఆర్ ఉండాలి. అది లేని మా ల్యాబ్‌లో ఈ రెండు దశల తేడాయే మాకు తూకం. దానికి తోడు ప్రతి ట్యూబుకీ రొయ్య సొంత జన్యువు ఒకటి పక్కన పరీక్షించాను. రొయ్య ముక్క వేశాం కాబట్టి ఆ బ్యాండ్ రావాలి. అది రాకపోతే పరీక్షే జరగలేదని అర్థం, నెగెటివ్ అని కాదు.

జెల్ యూవీ పెట్టె మీద పెట్టి లైటు వేశాను. చిన్న రొయ్యలు ఐదింటిలో నాలుగింటికి మొదటి దశలోనే మందపాటి బ్యాండ్. తెల్ల పోగుకి ఇంకా మందంగా. పెద్ద రొయ్యల్లో మూడింటికి రెండో దశలో సన్నటి గీత, రెండింటికి ఏమీ లేదు. ఐదో చిన్న రొయ్య దగ్గర వరస మొత్తం చీకటి. ఈహెచ్‌పీ లేదు, రొయ్య జన్యువు కూడా లేదు. లివర్ కొవ్వు, రంగులు డీఎన్ఏతో పాటు వచ్చేసి ఎంజైమును పనిచేయనివ్వలేదు. ఆ డీఎన్ఏని పదింతలు పలచన చేసి మళ్లీ నడిపాను. రొయ్య బ్యాండ్ వచ్చింది, దాని పక్కనే 514 కూడా వచ్చింది. పక్క జన్యువు పెట్టకపోయి ఉంటే ఆ రొయ్యని నెగెటివ్ అని రాసి ఇచ్చేదాన్ని.

పిల్ల రిపోర్టు ఎందుకు నెగెటివ్

రైతు కొడుకు దగ్గర ఒక సీసా ఉంది. పిల్ల వదిలే రోజున రెండొందల పిల్లని ఆల్కహాల్‌లో వేసి దాచమని నేను అందరికీ చెబుతుంటాను. చాలామంది చేయరు. ఈ అబ్బాయి చేశాడు, తేదీ కూడా రాశాడు. అందులోంచి 150 తీసి, ముప్పై ముప్పై చొప్పున ఐదు గుంపులు చేసి, కళ్లు తీసేసి పరీక్షించాం. రొయ్య కళ్లలోని పదార్థం పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. పిల్లని కళ్లతో సహా నూరేయడం తేలికే గానీ, అలా చేస్తే ఫలితం మీద నమ్మకం పోతుంది. ఐదు గుంపుల్లో ఒకటి రెండో దశలో పాజిటివ్ వచ్చింది.

హేచరీ రిపోర్టు మళ్లీ చదివాను. శాంపిల్ సంఖ్య దగ్గర 20 అని ఉంది. వందకి రెండు పిల్లల్లో జబ్బు ఉందనుకుందాం. 20 పిల్లలు తీస్తే వాటిలో ఒక్కటైనా జబ్బు పిల్ల పడే అవకాశం మూడింట ఒక వంతు. అంటే మూడుసార్లలో రెండుసార్లు మన చేతికి పడేవి అన్నీ మంచి పిల్లలే. 150 తీస్తేనే 95 శాతం నమ్మకం. ఆ రిపోర్టులో ఎవరూ అబద్ధం రాయలేదు. ఆ ఇరవై పిల్లల గురించి నిజమే రాశారు, దాన్ని ఒక్కో చెరువులో పడ్డ మూడు లక్షల అరవై వేల పిల్లకి అన్వయించుకున్నది మేము.

అయితే మూలం పిల్లేనా, చెరువు మట్టా? ఇక్కడే మూడో చెరువు సాక్ష్యం చెప్పింది. అదే నీళ్లు, అదే కూలీలు, అదే మేత, వేరే పిల్ల. పది రొయ్యల లివర్లు పెడితే పదీ నెగెటివ్, రొయ్య సొంత జన్యువు బ్యాండ్ పదింటికీ స్పష్టంగా ఉంది. ఒకటి, రెండు చెరువుల మట్టిలో పాత స్పోర్లు అసలే లేవని దీంతో తేలిపోదు. కానీ పిల్లతో వచ్చిందనే వైపే ఎక్కువ మొగ్గాను.

పట్టాలా, ఉంచాలా

రైతు మొదటి ప్రశ్న మందు గురించి. ఆయన చేతిలో అప్పటికే మూడు రకాల డబ్బాల పేర్లున్నాయి. ఈహెచ్‌పీని చెరువులో నయం చేసే మందు లేదని చెప్పాను. ఆ డబ్బు మిగుల్చుకుంటే వచ్చే పంట చెరువు తయారీకి పనికొస్తుందన్నాను.

లెక్క గట్టు మీదే కాగితం మీద వేశాం. ఒకటో చెరువులో బతికున్నవి సుమారు 2 లక్షల 90 వేలు. సగటు 5 గ్రాములు. రోజుకి 65 కిలోల మేత. వారానికి 455 కిలోలు. గత వారం సగటు పెరిగింది 0.4 గ్రాము, అంటే చెరువు మొత్తం మీద 116 కిలోల రొయ్య. కిలో రొయ్యకి నాలుగు కిలోల మేత. కరెంటు, ఏరేటర్లు, కూలీ అదనం. 200 కౌంట్ (కిలోకి 200 తూగే) రొయ్యకి ధర ఎలా ఉంటుందో రైతుకి నాకంటే బాగా తెలుసు. అయినా ఉంచిన ప్రతి వారం నష్టం పెరుగుతుంది, మూడో చెరువు పక్కనే స్పోర్లు కూడా పెరుగుతాయి. రెండోది నాకు మొదటిదానికంటే పెద్ద భయం. 60వ రోజున పట్టేశారు. 180 కౌంట్ వచ్చింది. పట్టుబడి నీళ్లు నేరుగా కాలువలోకి వదలొద్దని, ఖాళీ చెరువులో ఆపి బ్లీచింగ్ చేయమని గట్టిగా అడిగాను. ఆ కాలువ నీళ్లే కింద ఇంకో ఇరవై మంది తోడుకుంటారు.

రెండో చెరువులో పది లివర్లలో నాలుగే పాజిటివ్, మూడు రెండో దశలోనే. వారానికి 0.9 గ్రాము పెరుగుతోంది. అదే లెక్క ఇక్కడ ఉంచమని చెప్పింది. మేత తగ్గించి, నీటి అడుగున చెత్త లాగించి, 82వ రోజు దాకా నడిపాం. 95 కౌంట్ వచ్చింది.

మూడో చెరువుకి వల, చెక్ ట్రేలు, బకెట్లు, పడవ వేరు చేశాం. మేత వేసే మనిషి ముందు అక్కడ పని చేసి తర్వాతే మిగతావాటికి వెళ్లాలి, వెనక్కి రాకూడదు. ఈ ఒక్క నియమం మీదే నాకూ కూలీలకూ ఎక్కువ వాదన జరిగింది. 70వ రోజుకి నెగెటివ్. 84వ రోజుకి ఒక్క లివర్‌లో రెండో దశ గీత. 95వ రోజున 58 కౌంట్‌తో పట్టారు.

చెరువు తయారీలో మళ్లీ తడబాటు

మట్టి నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టాక రైతు అలవాటుగా ఎకరాకి 400 కిలోల వ్యవసాయ సున్నం చల్లించారు. తడి మట్టిలో పీహెచ్ మీటరు పెడితే 8.3. ఈహెచ్‌పీ స్పోరుకి అది లెక్కే కాదు. దాని మీద పనిచేసేది క్విక్‌లైమ్, నీళ్లు పోస్తే సలసలా మరిగే సున్నం. మోతాదు హెక్టారుకి 6 టన్నులు, ఎకరాకి దాదాపు 2400 కిలోలు. పది, పన్నెండు సెంటీమీటర్ల లోతుకి దున్ని కలిపి, తర్వాత తడపాలి. పీహెచ్ 12కి పోవాలి. రైతు మొదట ఒప్పుకోలేదు. ఖర్చు అలాంటిది. పోయిన పంట మేత లెక్క కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది, దాన్ని తీసి మళ్లీ చూసుకుని సరే అన్నారు. తడిపిన మర్నాడు చెరువుకి ఆరు చోట్ల మీటరు పెట్టాం. ఐదు చోట్ల 12 దాటింది. రెండో చెరువు తూము దగ్గర 10.6. అక్కడ మళ్లీ సున్నం వేయించాం.

తర్వాత నాకు తెలియకుండా రైతు ఆ మట్టిని ఇంకో ల్యాబ్‌కి పంపారు. ఈహెచ్‌పీ పాజిటివ్ అని వచ్చింది. ఆయన టెన్షన్ అంతా ఇంతా కాదు, అన్ని లక్షల సున్నం మట్టిపాలైందనుకున్నారు. పీసీఆర్ చూసేది డీఎన్ఏని. స్పోరు చచ్చిందా బతికుందా దానికి తెలియదు. పైగా ఆ ల్యాబ్ వాడింది పాత రైబోసోమల్ పరీక్ష. మట్టిలో పీతల్లో, పురుగుల్లో ఉండే వేరే మైక్రోస్పోరిడియా కూడా అందులో పలుకుతాయి. అదే మట్టి మీద స్పోరు గోడ జన్యువు పరీక్ష నేను చేస్తే నెగెటివ్ వచ్చింది. కానీ మట్టి నెగెటివ్‌ని కూడా నేను పూర్తిగా నమ్మను, మట్టి పీసీఆర్‌ని బాగా అడ్డుకుంటుంది. అందుకని రొయ్యనే అడిగాం. నీళ్లు పెట్టాక ప్రతి చెరువులో ఒక హాపా (చిన్న వల పంజరం) కట్టి, పరీక్షించిన పిల్ల యాభై చొప్పున వేసి ఇరవై రోజులు పెంచి, లివర్లు పరీక్షించాం. మూడూ నెగెటివ్. ఇరవై రోజులు ఆలస్యమైంది, ఆ ఆలస్యం రైతుకి ఇష్టం లేదు. ఆయన నా మాట మీద ఆగారు, దానికి నేను రుణపడి ఉన్నాను.

పిల్ల కోసం ఈసారి హేచరీకి మేమే వెళ్లాం. తల్లి రొయ్యల పెంట పోగులు పరీక్షిస్తారా, వాటికి పెట్టే పాలీకీట్ పురుగుల్ని గడ్డకట్టించి పెడతారా బతికినవే పెడతారా అని అడిగాం. ఈహెచ్‌పీ ఆ పురుగుల మీద ప్రయాణిస్తుంది. మైనస్ 20 డిగ్రీల్లో రెండు గంటలుంచితే స్పోరు పని అయిపోతుందని ప్రయోగాల్లో తేలింది. సమాధానం తడుముకోకుండా చెప్పిన హేచరీని ఎంచుకున్నాం. ట్యాంకుకి 150 పిల్ల, కళ్లు తీసి, స్పోరు గోడ జన్యువుతో, పక్క జన్యువుతో. ఒక ట్యాంకులో ఒక గుంపు పాజిటివ్. ఆ ట్యాంకు వదిలేసి మిగతావి తీసుకున్నాం.

రెండో పంటలో ఒకటి, మూడు చెరువులు పట్టుబడి దాకా నెగెటివ్. రెండో చెరువులో 72వ రోజున పదింట్లో రెండు లివర్లకి రెండో దశ గీత వచ్చింది. తూము దగ్గర ఆ 10.6 పీహెచ్ చోటు నుంచి వచ్చిందా, పీతలు తెచ్చాయా, నేను చెప్పలేను. ఎదుగుదల ఆగకముందే చూశాం కాబట్టి మేత సర్దుకుని 90 రోజులకి 60 కౌంట్‌తో పట్టారు.

ఇప్పుడు మా శాంపిల్ కాగితం మీద మూడు గళ్లు కొత్తగా చేరాయి: ఏ భాగం, ఎన్ని రొయ్యలు, చిన్నవా పెద్దవా. అవి నిండకపోతే కుర్రాడు ట్యూబు తీసుకోడు. పోయిన వారం రైతు కొడుకు మూడో పంట పిల్ల సీసా తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాడు, తేదీ, ట్యాంకు నంబరు రాసి.